భోగికి ముందు వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల ఒకావిడ "చెన్నైలో ఉంటూ తక్కువ కొనుక్కుని, తక్కువ చెత్త చేసి బతకడం అయ్యే పనేనా" అని అడిగారు, నేను "అవుతుందమ్మా, మొదలుపెట్టండి" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. ఆ రెండు ముక్కలు చాలలేదని ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట చూస్తే అర్థమైంది. కొందరు కోపంగా రాశారు, కొందరు బాధగా రాశారు, ఒకాయనైతే నాలుగు పేజీలు రాశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. నేను పుట్టింది నెల్లూరు దగ్గర పల్లె, పెళ్ళై పెరంబూరుకి వచ్చి 40 ఏళ్ళు దాటింది. ఈ ఊరి గాలి, నీళ్ళు, చెత్త అన్నీ కళ్ళముందే మారాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తున్నా.

వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు: అక్కా, మేమిద్దరం ఐటీలోనే. ప్లాస్టిక్ మానేద్దామని మూడు నెలల కిందట డిసైడ్ అయ్యాం. వంటింట్లో ఉన్న డబ్బాలన్నీ తీసేసి గాజువి కొన్నా, వెదురు బ్రష్‌లు, స్టీల్ స్ట్రాలు, గుడ్డసంచులు ఒక పన్నెండు, లెక్కేస్తే 14 వేలు దాటింది. బాగున్న డబ్బాలు పారేస్తావా అని మా అత్తగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నేను చేసింది తప్పా?

మీ మనసు మంచిదమ్మా, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ విషయంలో మీ అత్తగారి మాటే కరెక్ట్. ఆ ప్లాస్టిక్ డబ్బా తయారవడానికి కావాల్సిన క్రూడాయిలు, కరెంటు అన్నీ ఎప్పుడో ఖర్చైపోయాయి, ఇప్పుడు దాన్ని పారేస్తే అది పెరుంగుడి దాకో కొడుంగయ్యూరు దాకో పోయి గుట్టమీద కూర్చుంటుంది, దాని బదులు కొన్న గాజు డబ్బా కోసం మళ్ళీ కొత్తగా కొలిమి మండాలి. మన ఊళ్ళో రోజుకి 5 వేల టన్నులకి పైగా చెత్త పోగవుతోంది, 2022 ఏప్రిల్‌లో పెరుంగుడి డంప్‌యార్డ్ అంటుకుని రోజుల తరబడి పొగ వచ్చింది, మీ వేళచ్చేరి దాకా కూడా వచ్చే ఉంటుంది. ఆ పక్కనే పళ్ళికరణై చిత్తడి నేల, అదే ఏడాది దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచం మొత్తానికీ ముఖ్యమైన చిత్తడి నేల అన్న గుర్తింపు కూడా వచ్చింది. అంత విలువైన చోటు ఒకవైపు, దాన్ని ఆనుకునే మన ఊరి చెత్త ఇంకోవైపు.

డబ్బాలు ఇంకా ఇంట్లోనే ఉంటే వెనక్కి తెచ్చుకోండి. వేడి సాంబారు, నూనె కూరలు మాత్రం వాటిలో పోయొద్దు, అవి స్టీల్‌లోనే. కందిపప్పుకి, ఎండుమిరపకాయలకి, సబ్బులు పెట్టుకోడానికి ఆ డబ్బాలు ఇంకో పదేళ్ళు పనికొస్తాయి.

గుడ్డసంచుల గురించి కూడా ఒక మాట. డెన్మార్క్ ప్రభుత్వం 2018లో సంచుల మీద లెక్క వేయించింది, పత్తికి పోసే నీళ్ళు, ఎరువులు, మిల్లు కరెంటు అన్నీ కలిపి చూస్తే ఒక పల్చటి ప్లాస్టిక్ కవరుకి సాటి రావాలంటే కాటన్ సంచిని వేల సార్లు వాడాలని తేలింది, ఒక్క భూమి వేడెక్కడం వరకే చూసుకున్నా 50 సార్లకి పైనే వాడాలి. దీన్ని చూపించి కవర్లే మేలు అని కొందరు అంటారు, అది తప్పు, ఆ లెక్కలో కాలవకి అడ్డంపడిన కవర్లు లేవు, ఆవు కడుపులోకి పోయినవి లేవు, వానొస్తే మన వీధులు ఎందుకు మునుగుతాయో మనకి తెలుసు. ఆ లెక్క నుంచి నేను తీసుకున్నది ఒకటే, సంచి ఏదైనా సరే చిరిగేదాకా వాడాలి, పన్నెండు కొని పది బీరువాలో పెడితే ఆ పదీ దండగే. ఇక్కడ 2021 డిసెంబర్‌లో ప్రభుత్వం 'మీండుం మంజప్పై', అంటే మళ్ళీ పసుపు సంచి అని మొదలుపెట్టింది గదా, కోయంబేడు మార్కెట్లో 10 రూపాయలు వేస్తే పసుపు సంచి ఇచ్చే మెషిన్ కూడా పెట్టారు. నేనొచ్చిన కొత్తలో పెళ్ళి తాంబూలం ఆ పసుపు సంచిలోనే ఇచ్చేవాళ్ళు, బట్టల షాపు వాళ్ళూ అందులోనే పెట్టిచ్చేవాళ్ళు. మా ఇంట్లో ఒకటుండేది, దానిమీద షాపు పేరు ఉతికి ఉతికి పూర్తిగా పోయింది, సంచి మాత్రం చానాళ్ళు ఉంది, ఆఖరికి మసిగుడ్డ చేశాను.

ఇంకోటి చూసుకోండి, గుడ్డలాగా మెత్తగా కనపడే సంచులు కొన్ని షాపుల్లో ఇస్తారు, అవి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, నాలుగు నెలలకి పొడిపొడిగా రాలిపోతాయి. 2019 జనవరి 1 నుంచి తమిళనాడులో నిషేధించిన 14 వస్తువుల్లో అవి కూడా ఉన్నాయి. నిప్పు దగ్గర పెడితే కరిగి ముడుచుకుంటే ప్లాస్టిక్, కాలి బూడిదైతే నూలు, మా అమ్మ చీరలకి ఇదే టెస్ట్ పెట్టేది.

మీ అత్తగారితో మాట్లాడండి తల్లీ. ఆవిడ తరం వాళ్ళు హార్లిక్స్ సీసాలో పోపుదినుసులు పోసుకుని 20 ఏళ్ళు వాడారు, మీరు ఇప్పుడు నేర్చుకోవాలనుకుంటున్నది ఆవిడకి ఎప్పుడో వచ్చు.

టీ నగర్ నుంచి ఒక తల్లి: ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్ళి. పెట్టుబడి చీరలే 60 దాకా లెక్క తేలింది, రిటర్న్ గిఫ్ట్‌లు వేరే. అమ్మాయేమో ఇవన్నీ వేస్ట్ మమ్మీ, పొల్యూషన్ అంటోంది. చుట్టాలు ఏమనుకుంటారో అని నా భయం. ఏం చెయ్యమంటారు?

పెట్టుబడి చీర సంగతి మనందరికీ తెలుసండీ, పైకి మాట్లాడుకోం అంతే. మీరిచ్చిన చీర ఆవిడ బీరువాలోకి పోతుంది, అక్కడి నుంచి వాళ్ళ ఆడపడుచు సీమంతానికి పోతుంది, అక్కడి నుంచి ఇంకెవరి గృహప్రవేశానికో పోతుంది, ఐదు చేతులు మారాక కూడా మడత విప్పని చీరలు నేను చూశాను. కట్టుకోని చీరకి కూడా రంగు వేశారు గదా, ఆ రంగునీళ్ళు ఎక్కడికి పోయాయి అని అడగాలి మనం.

మన రాష్ట్రంలోనే దానికి జవాబుంది. తిరుప్పూరు పక్కన నొయ్యల్ అని నది, కావేరికి ఉపనది. బనీన్లు, టీషర్ట్‌ల అద్దకం నీళ్ళు ఏళ్ళ తరబడి అందులో కలిశాయి. ఒరత్తుపాళయంలో సాగు కోసం కట్టిన డ్యామ్‌లో ఆ రంగునీళ్ళే నిలిచిపోయాయి, నీళ్ళు వదలమని అడగాల్సిన రైతులు వదలొద్దని గొడవ చేసే పరిస్థితి వచ్చింది. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లని మూసేయమని ఆర్డరు ఇచ్చింది, చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకునే ఏర్పాటు చేసుకున్నాకే తెరవమంది. వేలమంది పనివాళ్ళు ఆ దెబ్బకి రోడ్డున పడ్డారు, నది పోయింది, పని కూడా పోయింది. ఒక్క కాటన్ టీషర్ట్‌కి పత్తి దగ్గర్నుంచి లెక్కేస్తే 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంచనా. ఆషాఢంలో రంగనాథన్ స్ట్రీట్‌లో ఆడి తళ్ళుబడి, అంటే ఆషాఢం తగ్గింపు అని బోర్డులు పెడతారు చూడండి, అప్పుడు రెండు కొంటే ఒకటి ఫ్రీ అని ఆ జనంలో తోసుకుని తెచ్చుకునే ముందు నాకు ఆ నొయ్యల్ గుర్తొస్తుంది, చాలాసార్లు సంచి ఖాళీగానే ఇంటికొచ్చేస్తా.

మీ పెళ్ళి సంగతికొస్తే, చీర మర్యాద పూర్తిగా తీసేయమని నేను చెప్పను, మేనత్తకి, పిన్నికి, ఆడపడుచుకి చీర పెట్టకపోతే నొచ్చుకుంటారు, ఆ నొప్పి నిజమైనదే. ఆ దగ్గరవాళ్ళు పదీ పన్నెండు మందికి ముందే ఫోన్ చేసి ఏ రంగు కావాలి, కాటనా పట్టా అని అడిగి, కట్టుకునే చీర కొనండి. మిగతా 50 మందికి 400 రూపాయల సింథటిక్ చీరలు కట్ట కొనే బదులు నిండు తాంబూలం ఇవ్వండి, కొబ్బరికాయ, ఆకులు వక్కలు, పసుపు కుంకుమ, రవికెల గుడ్డ కూడా వద్దు, ఎవరూ కుట్టించుకోవట్లేదు. రిటర్న్ గిఫ్ట్ అని ఆ ప్లాస్టిక్ బుట్టలు, మెరుపు కాగితం చుట్టిన బొమ్మలు అసలొద్దు.

భోజనాలకి అరిటాకు ఎలాగూ వేస్తారు, అది మట్టిలో కలిసిపోతుంది. పాడుచేసేది పక్కన పెట్టే చిన్న నీళ్ళసీసా. ఒకాయన రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు, 500 మంది పెళ్ళికి అలా వెయ్యి సీసాలు పోగవుతాయి. క్యాటరింగ్ ఆయనతో ముందే మాట్లాడండి, స్టీల్ గ్లాసులు అద్దెకి దొరుకుతాయి, కడగడానికి ఇద్దరు మనుషుల్ని పెడితే వాళ్ళకీ కూలి వస్తుంది. చుట్టాలు ఏమనుకుంటారో అన్నారు గదా, గ్లాసు స్టీల్‌దా ప్లాస్టిక్‌దా అని ఎవరూ గుర్తుపెట్టుకోరు, గుత్తివంకాయ బాగుంటే అది గుర్తుపెట్టుకుంటారు.

మడిపాక్కం నుంచి: మా ఆర్‌ఓ మెషిన్ ఒక బిందె మంచినీళ్ళు ఇవ్వడానికి మూడు బిందెలు పారబోస్తోంది. పాపం అనిపిస్తోంది, మానేయొచ్చా?

ముందు మీ నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించుకోండి, ఆ చిన్న మీటర్ 200 రూపాయలకి దొరుకుతుంది, ఫిల్టర్ సర్వీస్ అబ్బాయి దగ్గర కూడా ఉంటుంది. 500 లోపు ఉంటే ఆర్‌ఓ అక్కర్లేదని 2019లో పర్యావరణం కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌జీటీ కూడా చెప్పింది, మామూలు ఫిల్టరు, లేదంటే కాచి వడబోసుకుంటే చాలు. మెట్రోవాటర్ వచ్చే ఇళ్ళల్లో చాలామందికి అవసరం లేకుండానే అది తిరుగుతోంది. మీది ఉప్పు బోరు అయితే మాత్రం ఆర్‌ఓ ఉంచుకోవాల్సిందే, ఆ పోయే నీళ్ళు బకెట్లో పట్టి గిన్నెలకి, బాత్రూం కడగడానికి వాడండి, మొక్కలకి మాత్రం పొయ్యొద్దు, ఉప్పెక్కువ.

ఈ ఊరి నీళ్ళంటే నాకు కొంచెం ఎక్కువే పట్టింపు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కూర్చుని రాసుకున్న తెలుగుగంగ ఒప్పందంతో కృష్ణ నీళ్ళు కండలేరు నుంచి కాలవలో పూండి దాకా వస్తాయి, 1996లో మొదటిసారి వచ్చినప్పుడు మా వీధిలో తెలుగువాళ్ళం స్వీట్లు పంచుకున్నాం. మా నెల్లూరు జిల్లా పొలాల పక్కనుంచే ఆ నీళ్ళు ఇక్కడికొస్తాయి. అవి కూడా చాలక మీంజూరులో, నెమ్మేలిలో సముద్రం నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంట్లు కట్టారు, అలా చేసే ప్రతి వెయ్యి లీటర్లకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు పోతుంది. 2019 ఎండాకాలంలో ఊరికి నీళ్ళిచ్చే నాలుగు చెరువులూ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊరు ఇది. బిందె నీళ్ళు పారబోస్తుంటే పాపం అనిపించడం సరైనదేనండీ.

ఎన్నూరు నుంచి ఒక పాఠకుడు: మేడం, కోపంగా రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. మేం నలుగురం ఒక గదిలో ఉంటాం, ఏసీ లేదు, కారు లేదు, ఏడాదికి రెండు జతల బట్టలు. ఇంతకంటే సింపుల్‌గా ఎలా బతకాలి? పొల్యూషన్ మొత్తం మా మీద పడుతుంటే తగ్గించుకోమని చెప్పేది కూడా మాకేనా?

అనుకోడానికేమీ లేదు నాయనా, నువ్వు రాసింది నిజం. పోయిన నెల నా జవాబులో ఈ ముక్క లేదు, ఉండాల్సింది. తక్కువ కొనండి అనే మాట నీకు కాదు. నాకూ, నాలాగా మూడు గదుల ఇంట్లో ఉండేవాళ్ళకీ, వేళచ్చేరి, అణ్ణానగర్, ఓఎంఆర్ అపార్ట్‌మెంట్‌లకీ.

మిగతా పాఠకుల కోసం ఇది కొంచెం విడమరచి చెప్తా. ఒక ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా వేస్తే సుమారు 8 నుంచి 10 యూనిట్లు అవుతుంది. బొగ్గుతో ఒక యూనిట్ తయారు చెయ్యాలంటే దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలాలి, మన దేశం బొగ్గులో బూడిద చాలా ఎక్కువ, మూడో వంతు పైనే. అంటే ఒక బెడ్రూమ్‌లో ఒక రాత్రి చల్లదనానికి ఏడు కిలోల దాకా బొగ్గు, రెండు కిలోల పైన బూడిద. మన కరెంటంతా బొగ్గుదే కాదు, గాలిమరలు ఉన్నాయి, కల్పాక్కం, కూడంకుళం అణు కేంద్రాలు ఉన్నాయి, కానీ బొగ్గు వాటా ఇంకా పెద్దదే. ఆ బొగ్గు కాల్చే స్టేషన్లు కొన్ని మన పక్కనే, ఉత్తర చెన్నై థర్మల్ స్టేషన్, వల్లూరు, ఇవి ఎన్నూరు చుట్టూనే. ఆ బూడిద నీళ్ళలో కలిపి పైపుల్లో చెరువులకి పంపుతారు, పైపులు లీకై కొసస్థలై నది, ఎన్నూరు కాలువ నిండా బూడిద పేరుకుంది, రొయ్యలు పట్టుకునే వాళ్ళ వలల్లోకి కూడా అదే వస్తోంది. పక్కన మణలిలో రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీలు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదనీళ్ళతో పాటు ఆయిల్ కొట్టుకొచ్చి ఆ కాలువలో, పడవల మీద, ఇళ్ళ గోడల మీద నల్లగా అంటుకుంది. ఊరి చెత్తలో సగం కొడుంగయ్యూరుకి వస్తుంది, అదీ ఉత్తరానే. దక్షిణాన వాడుకుంటాం, ఉత్తరాన పడేస్తాం, నలభై ఏళ్ళుగా చూస్తున్నది ఇదే.

కాబట్టి ఏసీ ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నా, 24 మీద పెట్టుకోండి, ఫ్యాన్ కూడా వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్పింది, 2020 నుంచి కొత్త ఏసీలు 24తోనే ఆన్ అయ్యేలా రూల్ కూడా వచ్చింది, మనమే రిమోట్ నొక్కి 18కి దించుతున్నాం, తర్వాత దుప్పటి కప్పుకుంటున్నాం. నాయనా, నువ్వు చెయ్యాల్సింది ఇంకా తగ్గించుకోవడం కాదు. మీ దగ్గర మత్స్యకారులు బూడిద మీద, కాలువ మీద ఏళ్ళుగా కంప్లైంట్లు పెడుతున్నారు, కోర్టులకి, ఎన్‌జీటీకి వెళ్తున్నారు, వాళ్ళతో నిలబడు. ఈ కాలమ్ చదివేవాళ్ళు కూడా ఆ వార్త వచ్చినప్పుడు పేజీ తిప్పేయకుండా చదవండి, అది మన ఏసీ బిల్లు వెనకాల ఉన్న సగం కథ.

తాంబరం హాస్టల్ నుంచి ఒక స్టూడెంట్: ఆంటీ, మాది గూడూరు. రోజూ ఆర్డర్ పెట్టుకుంటే వచ్చే డబ్బాలు చూస్తే గిల్టీగా ఉంటుంది. ఫోన్ కూడా రెండేళ్ళకే బ్యాటరీ పోయింది, ఎక్స్చేంజ్ ఆఫర్‌లో కొత్తది తీసుకోనా?

కొత్తది వద్దు బాబూ, రిచ్చీ స్ట్రీట్‌కి పో, అక్కడ బ్యాటరీ మార్చి ఇస్తారు, ముందు రెండు మూడు షాపుల్లో రేటు అడుగు. ఫోన్ వల్ల అయ్యే కాలుష్యంలో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే అయిపోతుంది, మనం చార్జింగ్ పెట్టుకునేది చాలా కొంచెం, అందుకే ఉన్న ఫోన్‌ని ఇంకో రెండేళ్ళు నడపడమే పెద్ద పని. తిండికి, హాస్టల్ దగ్గర్లో ఆంధ్రా మెస్ ఏదో ఒకటి ఉంటుంది, నడిచి వెళ్ళి కూర్చుని తిను, వేడిగా తింటావు, పప్పు మళ్ళీ వేయించుకోవచ్చు. పార్సిల్ కావాలంటే రెండు గిన్నెల క్యారియర్ తీసుకెళ్ళు, ఊరెళ్ళినప్పుడు మీ అమ్మని అడిగితే అటక మీద నుంచి తీసిస్తుంది.

పెరంబూరు నుంచి ఒక పెద్దాయన (నాలుగు పేజీల ఉత్తరం, తగ్గించి వేస్తున్నాం): మా వీధి పిల్లలు భోగికి లారీ టైర్లు పోగేస్తున్నారు. వద్దంటే పండగ చేసుకోనివ్వరా తాతా అంటున్నారు. గవర్నమెంటేమో భోగి మంటలు వద్దంటుంది. మా చిన్నప్పుడు భోగి మంట ముందు కాగిన నీళ్ళతోనే తలంటు. ఆచారం వదులుకోవాలా అమ్మా?

అన్నగారూ, మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మీరు రాసిన పిడకల దండలు, కొబ్బరి మట్టలు, తెల్లవారుఝామున చలిలో మంట చుట్టూ చేరడం అంతా నా చిన్నతనం కూడా. ఆచారం వదులుకోవద్దు, కానీ దాంట్లో పడేసే సరుకు ఎప్పుడు మారిందో మనం గమనించలేదు, అక్కడే వచ్చింది చిక్కు.

అప్పుడు ఇంట్లో పాతవి అంటే ఏమిటి, చిరిగిన ఈతచాప, అరిగిన చీపురు, విరిగిన వెదురు తట్ట, పాత నులకమంచం పట్టె. అన్నీ చెట్టు నుంచి గడ్డి నుంచి వచ్చినవే, కాలితే బూడిద మిగిలేది, ఆ బూడిద పాదుకి వేసేవాళ్ళం. ఇప్పుడు చాప ప్లాస్టిక్, చీపురు ప్లాస్టిక్, తట్ట ప్లాస్టిక్, చీర పాలిస్టర్, పరుపులో ఉండేది ఫోమ్. పేర్లు అవే ఉన్నాయి కాబట్టి అవే వస్తువులనుకుని మంటలో వేస్తున్నాం. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి, టైరు కాలితే వచ్చే నల్లటి మసిలో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి. ఆ మసి ఊపిరితిత్తుల లోపలికంటా పోతుంది, ముందు పోయేది ఆ మంట చుట్టూ డప్పు కొట్టుకుంటూ తిరిగే చిన్నపిల్లలకే.

దానికి తోడు జనవరి. ఆ రోజుల్లో రాత్రి నేల తొందరగా చల్లబడి చల్లగాలి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది, గాలి కూడా పెద్దగా ఆడదు, పొగ పైకి పోయే దారి లేక పొగమంచుతో కలిసి వీధిలోనే నిలబడిపోతుంది. 2018 భోగి నాడు మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో రన్‌వే కనపడక ఫ్లైట్లు ఆగిపోయాయి, వేరే ఊళ్ళకి తిప్పి పంపారు, గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మా ఎదురింటి పాపకి ఆయాసం వచ్చి ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే దారి కనపడలేదు, ఆ రోజు నుంచి టైరు వాసన వస్తే నాకు చేతులు వణుకుతాయి.

పిల్లలకి వద్దు అని మాత్రం చెప్తే వినరు, దానికి బదులు వాళ్ళకి ఇంకోటి ఇవ్వాలి. మా వీధిలో మూడేళ్ళుగా ఇలా చేస్తున్నాం, మీ వీధిలో కూడా చేసి చూడండి. వీధి మొత్తానికి ఒకటే మంట, ఇంటికొకటి కాదు. నెల ముందు నుంచే పిల్లల చేత పిడకల దండలు చేయిస్తాం, పేడ మాధవరం వైపు పాలవాళ్ళ దగ్గర దొరుకుతుంది, చేతికి అంటుకుంటుందని మొదట్లో మొహాలు పెట్టారు, ఇప్పుడు ఎవరి దండ పొడుగో అని పోటీ. నాలుగు ఎండు కొమ్మలు, ఆ దండలు, కొంచెం కర్పూరం, అరగంటలో అయిపోతుంది. సాయంత్రం పసిపిల్లలకి రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర కలిపి భోగిపళ్ళు పోస్తాం, మా వీధిలో తమిళం వాళ్ళ పిల్లల్ని కూడా కూర్చోబెడతాం, వాళ్ళమ్మలకి అది కొత్త, చాలా ఇష్టపడతారు.

టైర్లు, పాత బట్టలు, పరుపులు కార్పొరేషన్ వాళ్ళే గత కొన్నేళ్ళుగా భోగికి ముందు వచ్చి తీసుకెళ్తున్నారు, మీ వార్డు ఆఫీసులో అడగండి. ఇనుము, పేపరు, అట్టలు కాయలాంగడికి, అంటే పాతసామాను కొట్టుకి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, ఆ డబ్బుతో పిల్లలకి పొంగల్ నాడు చెరుకులు కొనండి. తొడుక్కోగలిగిన బట్టలు ఉతికి, గుండీలు కుట్టి ఇవ్వండి, చిరిగినవి పేదవాళ్ళకి ఇవ్వడం దానం కాదు.

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు, అంబత్తూరు: అక్కా, మా ఆయన ఈమధ్య సాదాగా బతకాలని పట్టుబట్టారు. మిక్సీ, గ్రైండర్ వాడొద్దు, రోట్లో రుబ్బుకో, వాషింగ్ మెషిన్ అమ్మేద్దాం అంటున్నారు. మా అత్తగారి బట్టలు, ఇద్దరు పిల్లల యూనిఫాంలు అన్నీ నేనే ఉతకాలి. నాకు ఒక స్కూల్లో ఉద్యోగం కూడా ఉంది. నేను స్వార్థపరురాలినా?

కాదమ్మా. ఈ ఉత్తరం చదివాక నాకు చాలాసేపు మనసు బాగోలేదు. మా అమ్మ రోట్లో రుబ్బి రుబ్బి భుజం పడిపోయి ఆఖరి పదేళ్ళు జడ వేసుకోలేకపోయింది, ఆ కాలం బాగుందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. గాలి శుభ్రంగా ఉండేది, నిజమే. ఆ శుభ్రతకి ఆవిడ భుజం ఖర్చైంది.

మీ ఆయనకి ఈ లెక్క చూపించండి. టేబుల్‌టాప్ గ్రైండర్ 150 వాట్లు, అరగంట తిరిగినా యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. వాషింగ్ మెషిన్ చల్లనీళ్ళతో ఒక లోడ్ వేస్తే అర యూనిట్ కూడా దాటదు. ఏసీ ఒక్క రాత్రికి తినే కరెంటుతో ఆ గ్రైండర్ రోజుకి అరగంట చొప్పున వంద రోజులు పైనే తిరుగుతుంది. మరి మీ ఇంట్లో ఏసీ ఉందా, ఆయన ఆఫీసుకి బండి మీద వెళ్తారా రైల్లో వెళ్తారా, ఏడాదికి ఎన్ని కొత్త చొక్కాలు కొంటారు, మీరు అవేమీ రాయలేదు. అంబత్తూరు నుంచి సెంట్రల్‌కి లోకల్ ట్రైన్ ఉంది, సీజన్ టికెట్ చాలా చవక, నిజంగా కాలుష్యం తగ్గించాలనుకుంటే ఆయన అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంట్లో ఒక వస్తువు మానేస్తే దానివల్ల పెరిగే పని ఎవరు చేస్తారో ముందు తేల్చుకోవాలి, మానేద్దామన్న మనిషే ఆ పని చెయ్యాలి. తడిచెత్త ఎరువు చెయ్యాలంటే ఆ బకెట్ కలపడం ఆయన పని, గుడ్డసంచీ వాడాలంటే మర్చిపోకుండా తీసుకెళ్ళి కూరలు తేవడం, మాసినప్పుడు ఉతకడం ఆయన పని. ఇది మీరు గొడవగా చెప్పక్కర్లేదు, ఈ పేజీ టేబుల్ మీద పెట్టండి, ఆయనే చదువుతారు.

వాషింగ్ మెషిన్ మాత్రం అమ్మొద్దు. ఫుల్ లోడ్ అయ్యాకే వెయ్యండి, డిటర్జెంట్ డబ్బా మీద రాసినదానికంటే కొంచెం తక్కువే వెయ్యండి, డ్రైయర్ అవసరం లేదు, మన ఎండకి మేడమీద రెండు గంటల్లో ఆరిపోతాయి. ఆ బకెట్ మేడమీదకి మోసి ఆరేసే పని ఆయనకి ఇవ్వండి.